మళ్ళీ సీమ సరుకు

సముద్రం దాటి వచ్చిన వస్తువు ఏదైనా సరే, మన పెద్దవాళ్ళు దాని ముందు ‘సీమ’ అనే మాట తగిలించి గాని పిలిచేవారు కారు. సీమ పెంకులు, సీమ సున్నం, సీమ చింతకాయ, సీమ వంకాయ! ఇవన్నీ నిజంగా సీమనుంచే వచ్చాయా, మధ్యలో మరేదైనా దేశం ఉన్నదా అని ఎవరూ విచారణ జరపలేదు. ఓడలో దిగితే సీమదే. ఆ లెక్కన మన దేశంలో మొట్టమొదట తిరిగిన సైకిలు కూడా సీమ సరుకే గదా! రాలీ, హంబరు, బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ అనే పేర్లు మన తాతగార్లకు సొంత బంధువుల పేర్లంత బాగా తెలుసు. అల్లుడికి రాలీ సైకిలు పెట్టారంటే ఆ పెళ్ళి సంగతి నాలుగూళ్ళు చెప్పుకునేవి.

తరవాత మన ఫాక్టరీలు వచ్చాయి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. ఆసన్సోలులో సేన్-రాలీ వారు సీమపేరునే స్వదేశీ ఇనుము మీద అచ్చువేశారు. సీమ సైకిలు అన్నమాట మెల్లిగా వాడుకలోంచి జారిపోయింది. సైకిలుకు ఏది పోయినా వీధి చివర షాపులో దొరికేది. ఏ కంపెనీ చైను ఏ కంపెనీ సైకిలుకైనా పట్టేది.

ఇప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వచ్చినట్లున్నది. సైకిలు లూధియానాదే. కాని దాని చైను కోసం రాత్రి భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని, ఫోనులో జర్మనీ దుకాణాన్నీ ఇంగ్లండు దుకాణాన్నీ తిరగేసేవారు మధ్యతరగతి ఇళ్ళలో బయలుదేరారు. డాక్టరు “షుగరు వచ్చింది, కదలండి” అన్నందుకు నలభయ్యో ఏట మళ్ళీ సైకిలెక్కిన ఉద్యోగస్థులు కొందరు. ఆదివారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా తొక్కివచ్చే కుర్రవాళ్ళు కొందరు. వీరికి కావలసిన సామాను మన వీధిలో దొరకదు, దొరికినా ధర ఎక్కువ. పరదేశపు దుకాణంలో చవక. అంతే, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే సరుకు బయలుదేరుతుంది.

ఇది నిజంగా చవకేనా? ఏ వస్తువు అలా తెప్పించుకోవచ్చు, ఏది తెప్పించుకోకూడదు? ఈ ప్రశ్నలు మా ఇంటిలోకే వచ్చి కూర్చున్నాయి కనుక, కొంత తెలుసుకోక తప్పింది కాదు. తెలిసినంతవరకు మీతో పంచుకుంటాను.

ముందు అసలు ఈ సామాను పరదేశంలో ఎందుకున్నదో చూద్దాం. మామూలు సైకిలుకు ఒకే పళ్ళచక్రం, ఒకే వేగం. గేర్ల సైకిలు సంగతి వేరు. దాని గేర్లు, బ్రేకులు తయారు చేయడం ప్రపంచంలో కొద్దిమంది చేతిలోనే ఉన్నది. జపానులో ఒసాకా పక్కన సకాయి అనే ఊరున్నది. కత్తులకు పేరుపడ్డ కమ్మరుల ఊరు. అక్కడ 1921లో షిమానో అనే ఆయన ఫ్రీవీలు తయారీతో మొదలుపెట్టిన కంపెనీయే ఇవాళ గేర్లలో పెద్దపేరు. ఇటలీలో విచెంజాలో 1933లో పుట్టింది కాంపాన్యోలో. తైవానులో 1972లో జెయింట్ కంపెనీ మొదట ఇతరుల పేర్ల మీద సైకిళ్ళు చేసిపెట్టి, తరవాత తన పేరుతో అమ్ముకున్నది. మంచి చైన్లు చేసే కె.ఎం.సి. కూడా తైవానుదే. మన గేర్ల సైకిలు ఫ్రేము ఏ ఊరిదైనా, దాని వెనకచక్రం దగ్గర వంగి చూస్తే ఇలాంటి పేరు ఏదో ఒకటి తరచుగా కనపడుతుంది.

ఆ వస్తువు మన వీధికి రావాలంటే దిగుమతిదారు, పెద్ద వ్యాపారి, చిన్న వ్యాపారి, దుకాణందారు అని నాలుగు చేతులు మారాలి. ప్రతి చెయ్యీ కొంత ఉంచుకుంటుంది. అడిగేవారు తక్కువ కనుక దుకాణందారు అన్ని రకాలూ నిలవ పెట్టలేడు. పరదేశపు పెద్ద దుకాణమైతే వేలకొద్దీ ముక్కలు ఒక్కసారి కొని, దేశదేశాలకు అమ్ముతుంది. తేడా అక్కడ పుడుతుంది.

ఉత్తర ఐర్లండులో బాలినూర్ అనే చిన్న గ్రామంలో సైకిలు షాపుగా మొదలైన చైన్ రియాక్షన్ సైకిల్స్ అనే సంస్థ ఇంటర్నెట్టు వచ్చాక దేశదేశాలకు సామాను పంపే అంగడి అయింది. మన దేశపు సైకిలు పిచ్చివాళ్ళకు ఒక దశాబ్దంపాటు అది పుట్టిల్లు. 2016లో అది ఇంగ్లండులోని విగిల్ అనే మరో దుకాణంతో కలిసింది. 2023 అక్టోబరులో ఆ ఉమ్మడి సంస్థ దివాలా స్థితికి వచ్చి ఇతరుల అజమాయిషీలోకి పోయింది. మరుసటి ఏడు ఆ పేర్లను మరొక కంపెనీ కొన్నది. ఇంత పెద్ద దుకాణమూ తానే నిలవలేకపోయిందని గుర్తుంచుకోవాలి. పరదేశంలో ఉన్న అంగడి మూతబడితే మన డబ్బు కోసం వెళ్ళి మెట్లమీద కూర్చునే వీలు కూడా లేదు.

చైనా అంగళ్ళ సంగతి మరొకటి. ఎలీఎక్స్‌ప్రెస్ అనే యాప్‌లో గేర్లు, దీపాలు, చేతి తొడుగులు, బిగించే పనిముట్లు అన్నీ కారుచవకగా దొరికేవి. 2020 నవంబరు 24న మన ప్రభుత్వం నిషేధించిన 43 యాప్‌లలో అదీ ఒకటి. తరవాత అదే సరుకు మన దేశపు అంగళ్ళ ద్వారా, దిగుమతిదారుల లాభం కలుపుకొని, కొంత వచ్చి చేరింది.

ఇక లెక్క. తెరమీద కనపడే ధర పెళ్ళిశుభలేఖ లాంటిది. అసలు ఖర్చు తరవాత తెలుస్తుంది. వస్తువు ధర మూడువేలు, రవాణా ఆరువందలు అనుకుందాం. కస్టమ్సువారు సుంకం మూడువేల మీద వేయరు. రవాణా, భీమా కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు. అంటే 3,600 మీద. సుంకమూ, దాని మీది సర్‌చార్జీ కలిసి నూటికి 22 అనుకుంటే 792 రూపాయలు. మొత్తం 4,392. ఇప్పుడు ఈ సుంకం కూడా కలిసిన మొత్తం మీద జి.ఎస్.టి. నూటికి 18 చొప్పున వేస్తే మరో 790. వెరసి 5,182. కొరియరువారి చేతి ఖర్చు, విదేశీ చెల్లింపు మీద బాంకు పట్టుకునే నూటికి రెండు మూడు రూపాయలు దీనికి అదనం. లెక్క పద్ధతి తెలియడానికి ఈ రేట్లు నేను అనుకున్నవే సుమా! బడ్జెట్టుతోపాటు రేట్లు మారుతుంటాయి. కనుక కొనే రోజున ఉన్న రేటు చూసుకోవాలి. పద్ధతి మాత్రం ఇదే. మూడువేల వస్తువు ఐదువేల పైచిలుకు అయి కూర్చున్నది. అదే వస్తువు మన ఊళ్ళో 4,800కు దొరుకుతుంటే, సముద్రం దాటించిన పుణ్యమేమిటి?

కొందరు దీనికి అడ్డదోవ చెబుతారు. “అమ్మేవాణ్ణి బహుమతి అని రాయమనండి” అంటారు. ఒకప్పుడు కొంత విలువ లోపు బహుమతులకు సుంకం లేని మాట నిజమే. ఆ దారి 2019 డిసెంబరులో మూసేశారు. ప్రాణరక్షక ఔషధాలకు, రాఖీలకు తప్ప బహుమతి పేరు ఇప్పుడు చెల్లదు. “విలువ తగ్గించి రాయమనండి” అనేది మరొక సలహా. అది నేరమన్న మాట అలా ఉంచి, పార్సెలు దారిలో పోతే రాసిన విలువే తిరిగి వస్తుంది. ఐదువేల వస్తువుకు ఐదువందలు చేతిలో పెడితే ఎవరితో మొర పెట్టుకుంటాం?

మన తెలుగువారికి మాత్రమే బాగా అచ్చివచ్చిన మార్గం ఇంకొకటి ఉన్నది. అమెరికాలో ఉన్న అన్నయ్యగారి ఇంటికి తెప్పించి, ఆయన వచ్చేటప్పుడు పెట్టెలో తెమ్మనడం. వెళ్ళేటప్పుడు గోంగూరపచ్చడి, వచ్చేటప్పుడు సైకిలు చైను! ప్రయాణికుల సామానుకు ఉన్న పరిమితిలో ఉంటే ఇందులో తప్పులేదు. కాని చైనా నుంచి వారి ఇంటికి తెప్పించడం మునుపటంత సులువు కాదు. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు అక్కడ ఉండే సుంకం మినహాయింపును చైనా సరుకుకు 2025 మే 2న, తక్కిన దేశాల సరుకుకు అదే ఏడు ఆగస్టు 29న తీసేశారు. పైగా వస్తువు పట్టకపోతే వెనక్కి పంపడానికి మళ్ళీ ఒక అన్నయ్యగారు కావాలి.

పట్టకపోవడం అన్నాను గదా, అసలు కష్టం అక్కడే ఉన్నది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పద్యంలో ఒక్క గణం తప్పితే వినేవాడి చెవికి వెంటనే తెలుస్తుంది. సైకిలుకు అంతకంటె కఠినమైన ఛందస్సు ఉన్నది. మా కాలేజీలో ఒక సహోద్యోగి, తండ్రిగారి పాత సైకిలు మీద ఉన్న అభిమానం కొద్దీ, దానికి మంచి టైర్లు వేయిద్దామని జర్మనీనుంచి 28 అంగుళాల టైర్లు తెప్పించారు. పాత సైకిలు మీద కూడా 28 అనే ఉన్నది. వచ్చిన టైరు రిమ్ము మీదికి ఎక్కదు! సబ్బునీళ్ళు పూశారు, ఇద్దరు మనుషులు పట్టారు, ఎక్కలేదు.

కారణం ఏమిటంటే, అంగుళాల అంకె కొలత కాదు, ఇంటిపేరు వంటిది. ఒకే ఇంటిపేరుతో వేరువేరు కుటుంబాలున్నట్లే, 28 అనే పేరుతో రెండు మూడు కొలతలున్నాయి. మన నాటు సైకిలు 28 టైరు లోపలి అంచు వ్యాసం 635 మిల్లీమీటర్లు. జర్మనీలో ఇవాళ 28 అని అమ్మేది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా. అదే 622ను రోడ్డు సైకిళ్ళవారు 700సి అంటారు, కొండదారి సైకిళ్ళవారు 29 అంటారు. మూడు పేర్లూ ఒకే కొలత! 26 సంగతి కూడా ఇంతే. కొండదారి సైకిలుది 559, పాత ఇంగ్లీషు పద్ధతిదైతే 590. ఈ చిక్కు విడిపోవడానికే టైరు పక్కన 37-622 వంటి జంట అంకె అచ్చువేస్తారు. మొదటిది వెడల్పు, రెండవది వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. టైరు కొనేవారు ఆ రెండవ అంకె ఒక్కటి కాగితం మీద రాసుకుంటే చాలు. మా సహోద్యోగి టైర్లు వెనక్కి పంపుదామంటే రవాణాఖర్చు టైర్ల ధరను మించింది. అవి ఇప్పుడు వారి అటక మీద ఉన్నాయి.

చైనుకూ ఇలాంటి మెలికే ఉన్నది. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం ఏ సైకిలు చైనుకైనా అరంగుళమే. తేడా వెడల్పులో ఉన్నది. వెనక ఎనిమిది పళ్ళచక్రాలున్న సైకిలు చైను సుమారు ఏడు మిల్లీమీటర్ల వెడల్పు. పదకొండు చక్రాలున్నదైతే సుమారు ఐదున్నర. ఒకదాని చోట ఒకటి పనికిరాదు. కనుక వెనక చక్రాలు ఎన్నో లెక్కపెట్టి మరీ కొనాలి. ఆ పళ్ళచక్రాల గుత్తి కూడా రెండు జాతులు. మరలాగా తిప్పి బిగించేది ఫ్రీవీలు. గాడిలో తొడిగి పైన మూత బిగించేది క్యాసెట్టు. చూపుకు అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి గాని, ఒకరి చక్రానికి మరొకటి ఎక్కదు. ట్యూబు కొనేటప్పుడు గాలి కొట్టే వాల్వు చూడాలి. మన మామూలు సైకిలుది ఒక రకం, మోటారుసైకిలు మాదిరిది మరొకటి, సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా అనేది ఇంకొకటి. ప్రెస్టా కోసం చేసిన రిమ్ము రంధ్రం చిన్నది. అందులో తక్కినవి దూరవు.

ఇదంతా విని, ఇన్ని తిప్పలెందుకు, పరదేశపు కొనుగోలు మానేస్తే పోలేదా అంటారేమో! అలా అనడానికి వీలులేని సందర్భం మా ఇంట్లోనే వచ్చింది.

మా అక్కయ్య కొడుకు మా దగ్గరే ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి సైకిలు ఒకనాడు గోడకు చేరవేసి ఉండగా కుడిపక్కకు పడింది. వెనక ఇరుసు దగ్గర గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఒకటుంటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు, అది విరిగింది. విరగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. దెబ్బ తగిలితే తాను పోయి ఫ్రేమును కాపాడాలని దాని పుట్టుక. బాగానే ఉన్నది గాని, ఇందులో కొన్ని వందల ఆకారాలున్నాయి. ఒక్కొక్క ఫ్రేముకు ఒక్కొక్కటి. ఊళ్ళో నాలుగు షాపులు తిరిగాం. వాడి సైకిలు తయారీ ఆగిపోయిందన్నారు. ముక్క రెండు వేళ్ళంత, అది లేక పాతికవేల సైకిలు రెండు నెలలు వరండాలో దుమ్ముకొట్టుకుని పడి ఉన్నది. కాలేజీకి వాడు రెండు బస్సులు మారి వెళ్ళవలసివచ్చింది.

మా వీధి చివర సైకిలు షాపు సాయిబుగారు ఆ విరిగిన ముక్కలు రెండూ చేతిలో పెట్టి, “మాష్టారూ, దీని జోడు ఎక్కడైనా ఉంటే తెప్పించండి. బిగించే పూచీ నాది” అన్నారు.

ఫిజిక్సు లేబొరేటరీ నుంచి వెర్నియర్ కాలిపర్సు అడిగి తెచ్చాను. విరిగిన ముక్కలు గ్రాఫు కాగితం మీద అతికినట్లు పెట్టి, అంచు వెంబడి పెన్సిలు తిప్పాం. మరల రంధ్రాలు ఎన్ని, వాటి మధ్య దూరమెంత, మందమెంత అన్నీ రాసుకున్నాం. ఈ ముక్కలే అమ్మే దుకాణం ఒకటి ఐరోపాలో ఉన్నది. వారు ప్రతి ఆకారానికీ బొమ్మ వేసి, కొలతలు పక్కన ఇచ్చారు. మేనల్లుడూ నేనూ రెండు రాత్రులు ఆ బొమ్మలకూ మా గ్రాఫు కాగితానికీ జాతకాలు చూశాం. చివరికి ఒకటి కుదిరింది. ముక్క ధర తక్కువ, రవాణా దానికి రెండింతలు. అందుకని రెండు ముక్కలు తెప్పించాం, రవాణా మారలేదు. మూడు వారాలు దాటాక కవరు వచ్చింది. సాయిబుగారు పది నిమిషాల్లో బిగించి, గేరు సరిచేసి, ఒక తొక్కు తొక్కి చూసి ఇచ్చారు.

కనుక పరదేశపు కొనుగోలు మీద నాకు కోపమేమీ లేదు. మన ఊళ్ళో దొరకని ముక్క, కొలత తేలిన ముక్క, పోయినా ప్రాణం మీదికి రాని ముక్క అయితే నిస్సంకోచంగా తెప్పించుకోవచ్చు.

ఈ చివరి మాట దగ్గరే మా ఇంట్లో యుద్ధమైంది. హ్యాంగర్ విజయంతో మావాడికి ఉత్సాహం వచ్చింది. ఒక రాత్రి ఫోను పట్టుకుని వచ్చాడు.

“మామయ్యా, కార్బను హ్యాండిలు! పెద్ద కంపెనీది. ఇక్కడ కొంటే ఎంతో తెలుసా? వీడు ఐదోవంతుకు ఇస్తున్నాడు.”

“ఎవరురా వీడు?”

“ఏదో పేరు. నాలుగున్నర చుక్కలున్నాయి.”

మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే అన్నది: “వెండిగ్లాసు ఐదోవంతుకు ఇస్తానంటే వాడు ఇచ్చేది వెండేనా?”

“అది వేరు అత్తయ్యా! బొమ్మ చూడు, అచ్చు కంపెనీదే.”

“బొమ్మలో రంగే గదరా కనపడేది!”

మరునాడు సాయిబుగారిని అడిగాను. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. మూల పడి ఉన్న వంగిన ఇనుప హ్యాండిలు ఒకటి తీసి చూపించారు. “ఇది లారీ కింద పడ్డది మాష్టారూ. చూడండి, వంగింది, తెగలేదు. తొక్కేవాడు దిగి నడిచి ఇంటికి పోయాడు. మీరు చెప్పే ఆ నల్లది వంగదు. లోపల ఎలా చేశాడో పైకి తెలవదు. తెగితే ఒక్కసారే తెగుద్ది. అప్పుడు అబ్బాయి రెండు చేతులూ దానిమీదే ఉంటాయి.”

ఆయన చెప్పినది ఇంజనీర్లు చెప్పేదే. ఇనుమూ అల్యూమినియమూ మితిమీరిన దెబ్బ తగిలితే సాధారణంగా వంగి మనకు కనపడతాయి. కార్బను నారను జిగురుతో పొరలుపొరలుగా పేర్చి చేస్తారు. మంచి కంపెనీ చేసినది గట్టిదే, తేలికైనదే. కాని పొరల మధ్య లోపమున్నా, లోపల చీలినా పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పేరున్న కంపెనీల హ్యాండిళ్ళకూ, ఫ్రేములకూ, తలటోపీలకూ నకళ్ళు చేసి అమ్మడం ప్రపంచమంతా ఉన్న వ్యాపారమే. తలటోపీకి ఐరోపావారి ఇ.ఎన్. 1078, అమెరికావారి సి.పి.ఎస్.సి. అనే ప్రమాణాలున్నాయి. కొనేటప్పుడు లోపల ఆ చీటీ ఉన్నదో లేదో చూడాలి. అయితే టోపీకి నకలు చేసినవాడికి చీటీకి నకలు చేయడం ఎంతసేపు? అందువల్ల చీటీతోపాటు అమ్మినవాడు ఎవరో కూడా చూడాలి. రేపు ఏదైనా జరిగితే పేరు పెట్టి నిలదీయగల మనిషి దగ్గరే ఇవి కొనాలి. హ్యాండిలు, దాన్ని పట్టి ఉంచే మెడ, ముందు ఫోర్కు, బ్రేకులు, తలటోపీ – ఈ ఐదింటి దగ్గర మాత్రం చవక మాట ఎత్తవద్దని మావాడితో చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పాత హ్యాండిలుకే కొత్త పట్టీ చుట్టుకున్నాడు.

సాయిబుగారి మాట వచ్చింది కనుక మరొక సంగతి. ఇలా సామాను బయట తెప్పించి ఆయన దగ్గరికి తీసుకుపోవడం న్యాయమేనా అని నాకు కొంత బెరుకుగానే ఉండేది. ఆయననే అడిగాను.

నవ్వి అన్నారు: “బియ్యం మీరు తెచ్చుకుని హోటలుకొచ్చి వండిపెట్టమన్నట్టుంది మాష్టారూ. వండుతాను. కాని బియ్యంలో నాకు మిగిలేది ఏమీ లేదుగా, వంటకూలి సరిగా ఇవ్వాలి.”

న్యాయమైన మాట. ఆయనకు అమ్మకం మీద వచ్చే లాభంలోనే బిగింపు కూలి కలిసి ఉండేది. మనం సామాను బయట కొంటే ఆ కూలి విడిగా ఇవ్వాలి. అక్కడ కూడా బేరమాడితే నాలుగేళ్ళకు ఆ షాపు మూతబడుతుంది. పరదేశపు దుకాణం ముక్క పంపుతుంది గాని, మరను బిగించడానికి మనిషిని పంపదు. వేయికోట్ల అంగడి ఐర్లండులో మూతబడితే మనకు ఒక వెబ్‌సైటు పోతుంది. వీధి చివర షాపు మూతబడితే సాయంత్రం పంచరయిన మన పిల్ల సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తుంది. ఇంటి లెక్కలో ఈ కూలిని కూడా వస్తువు ధర కిందనే రాసుకోవాలి.

డబ్బు చెల్లించే విషయంలో రెండు జాగ్రత్తలు. 2020 అక్టోబరు 1 నుంచి రిజర్వు బాంకు నియమం ప్రకారం కార్డుతో విదేశీ చెల్లింపు కావాలంటే మనమే ఆ వీలు తెరుచుకోవాలి. కొన్నరోజున తెరిచి, పని కాగానే మూసెయ్యండి. దుకాణంవారు “రూపాయల్లో కడతారా?” అని ఎంతో ప్రేమగా అడుగుతారు. ఆ మార్పిడిలో వారి లాభం కలిసి ఉంటుంది గనుక వారి నాణెంలోనే కట్టడం చాలాసార్లు మేలు. ఇక పార్సెలు దారిలో ఉండగా “మీ సరుకు కస్టమ్సులో ఆగింది, ఈ లింకు నొక్కి సుంకం కట్టండి” అని ఫోనుకు సందేశం రావచ్చును. ఇలాంటివాటిలో మోసాలు చాలా ఉన్నాయి. లింకు నొక్కకుండా, మీ పార్సెలు నంబరుతో కొరియరువారి సొంత వెబ్‌సైటులో చూసుకోండి. గుర్తింపు కాగితాలు అడిగితే, అవి కూడా అక్కడే ఇవ్వండి.

ఏమీ కొనే ఉద్దేశం లేనివారికి కూడా పనికివచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. పిల్లల జామెట్రీ పెట్టెలో స్కేలు మరీ పొట్టి. మీ ఇంట్లో అడుగు స్కేలుంటే తీసి సైకిలు చైను మీద పెట్టండి. ఒక పిన్ను నడిమి నుంచి ఇరవైనాలుగో అరంగుళం దగ్గర ఉన్న పిన్ను నడిమికి సరిగ్గా పన్నెండు అంగుళాలుండాలి. అంగుళంలో పదహారోవంతు ఎక్కువ ఉంటే చైను అరిగింది, మార్చండి. ఎనిమిదోవంతు దాకా వదిలేస్తే చైనుతోపాటు పళ్ళచక్రాలు కూడా అరిగిపోయి, రెండూ కొనవలసి వస్తుంది. సముద్రం దాటకుండా, సుంకం కట్టకుండా, సైకిలు సామానులో ఇంతకంటె చవక బేరం నాకు ఇంతవరకు కనపడలేదు.